పాత కారుకు మళ్లీ రంగు: కనిపించని తుప్పు, ప్రైమర్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హనుమకొండలో మా ఇంటి ముందు 1984 నాటి అంబాసిడర్ ఉంది, మార్క్ 4. నాన్న కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసే రోజుల్లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దానికి నేను రెండుసార్లు రంగు వేయించాను. మొదటిసారి వేయించింది ఒక్క వానాకాలం కూడా నిలవలేదు. రెండోసారి వేయించింది ఇప్పుడు ఐదో ఏడులో ఉంది. రెండుసార్లూ రంగు ఒకటే, తెలుపు. మరి తేడా ఎక్కడ వచ్చిందని పెళ్లిళ్లలో, పెట్రోల్ బంకుల్లో, చివరికి ఆస్పత్రి పార్కింగ్‌లో కూడా అడుగుతున్నారు. అడిగినవన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. నేను పెయింటర్‌ని కాను. డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నవాణ్ని.

కారు పైకి బాగానే ఉంది. లోపల తుప్పు ఉందో లేదో ఎలా కనిపెట్టాలి?

ముందు ఒక చిన్న అయస్కాంతం తీసుకోండి. ఫ్రిజ్ తలుపుకు అంటించే బొమ్మ అయినా చాలు. దాన్ని పలచటి గుడ్డలో చుట్టి డోర్ల కింది అంచు, మడ్‌గార్డ్ చుట్టూ, డోర్ల కింద పొడవునా ఉండే సిల్ మీదుగా మెల్లగా జరుపుతూ పోండి. ఎక్కడ పట్టు వదిలేస్తే అక్కడ రేకు మీద పుట్టీ మందంగా ఉందని అర్థం. ఊరికే ఎవరూ అంత పుట్టీ పెట్టరు. దాని కింద సొట్ట ఉండాలి, లేదా చిల్లు ఉండాలి.

తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. మంచి రేకు ఖంగుమంటుంది. తుప్పు తిన్న రేకు, పుట్టీ నింపిన రేకు మొద్దుగా మోగుతాయి. కొత్త కుండనూ పగిలిన కుండనూ తట్టి కొనే ఇంట్లో పెరిగినవాళ్లకు ఇది వేరే నేర్పక్కర్లేదు.

మూడోది దబ్బనం. మా ఇంట్లో ఉన్నది ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాలు కుట్టేది. కారు కింద పడుకుని అనుమానం ఉన్నచోట దబ్బనం మొనతో గట్టిగా నొక్కండి. మంచి రేకు అయితే చిన్న గీత పడుతుంది, అంతే. పాడైన రేకులోకి అది బిస్కెట్‌లోకి దిగినట్టు దిగుతుంది. అమ్మేవాడు చూస్తుండగా చేస్తే మాత్రం గొడవవుతుంది, ముందే అడిగి చేయండి.

ఫోన్‌కు తగిలించుకునే గొట్టం కెమెరాలు ఇప్పుడు ఆన్‌లైన్‌లో చవకగానే దొరుకుతున్నాయి. డోర్ కింద నీళ్లు పోయే రంధ్రం గుండా, సిల్‌లోని రబ్బరు బిరడా తీసిన రంధ్రం గుండా దాన్ని లోపలికి పంపి చూడొచ్చు. మొదటిసారి చూసినప్పుడు మాత్రం రాత్రి నిద్ర పట్టదు.

ఎక్కడెక్కడ వెతకాలి?

రెండు రేకులు ఒకదాని మీద ఒకటి కలిసేచోట, నీరు చేరి బయటికి పోలేనిచోట. ఈ రెండూ గుర్తుంటే జాబితా అక్కర్లేదు. అయినా చెబుతాను. డోర్ల కింది మడత, సిల్ లోపలి భాగం, ముందు సీట్ల కింద కార్పెట్ అడుగున ఉన్న ఫ్లోర్, డిక్కీ ఫ్లోర్ మూలలు, బ్యాటరీ కూర్చునే తట్ట, ముందు వెనుక అద్దాల రబ్బరు కింద ఉండే గాడి, రూఫ్ అంచున వాననీళ్లు జారే గాడి, జాకీ పెట్టే చోటు.

అద్దం రబ్బరు కింద చూడటం అందరూ మర్చిపోతారు. అద్దం తీయకుండా చుట్టూ టేపు అంటించి రంగు కొట్టేస్తారు. ఆ గాడిలో ఉన్న తుప్పు మాత్రం అలాగే ఉంటుంది. కాళ్ల దగ్గర కార్పెట్ తడిగా ఉందని అందరూ ఫ్లోర్‌ను అనుమానిస్తారు. నీళ్లు దిగేది చాలాసార్లు ఆ అద్దం గాడిలోంచే.

చిన్న బుడగ ఒకటే లేచింది. గీకి టచప్ చేస్తే సరిపోదా?

ఆ బుడగ బయటినుంచి మొదలైందా, లోపలినుంచి వచ్చిందా అన్నదే అసలు సంగతి. రాయి తగిలి రంగు పోయినచోట తుప్పు పడితే అది బయటిది. గీకి, శుభ్రం చేసి, టచప్ చేసుకోవచ్చు. డోర్ కింది అంచున, మడ్‌గార్డ్ అంచున దెబ్బేమీ లేకుండా బుడగ లేచిందంటే రేకు అవతలి వైపు పని ఎప్పుడో అయిపోయింది. ఇనుము తుప్పుగా మారితే ముందున్న చోటుకు కనీసం రెండింతలు ఆక్రమిస్తుంది. నీరు పట్టి ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే రంగును పైకి తోస్తుంది. మనకు కనిపించే బుడగ ఆ కథలో చివరి పేజీ.

నా మొదటి పెయింటింగ్ ఇలాగే పోయింది. ఎడమవైపు సిల్ మీద రూపాయి బిళ్లంత బుడగలు మూడు ఉండేవి. షెడ్డులో వాటిని గ్రైండర్‌తో గీకి, పుట్టీ పెట్టి, ప్రైమర్ కొట్టి, తెల్ల రంగు వేసి ఇచ్చారు. మే నెలలో కారు తెచ్చుకున్నాను, అద్దంలా ఉంది. సెప్టెంబర్‌కల్లా అదే చోట మూడు కాదు, తొమ్మిది లేచాయి. రెండోసారి వేరే మేస్త్రీ దగ్గర ఆ సిల్ కోయించాను. లోపలినుంచి దోసె పెనం మీద మాడి లేచిన పెళ్లల్లాంటి తుప్పు పొరలు రెండు దోసిళ్లు రాలాయి. వాటి వెనకాల ఉండ చుట్టి కుక్కిన తెలుగు పేపరు. చిల్లు మూసి పుట్టీ నిలవడానికి ఎవరో ఎప్పుడో కుక్కారు. అందులో సగం సినిమా ప్రకటన ఇంకా చదవగలిగేలా ఉంది. మేస్త్రీ దాన్ని చేతిలో పట్టుకుని, "పైన పటారం లోన లొటారం అంటే గిదే సార్" అన్నాడు. తడి పీల్చుకున్న ఆ కాగితం ఎన్నేళ్లు ఆ రేకును తిన్నదో.

మనకు సముద్రం లేదు కదా, వరంగల్‌లో కూడా ఇంత తుప్పా?

ఉప్పుగాలి ఉంటే తుప్పు త్వరగా వస్తుంది, నిజమే. కానీ నీరు, గాలి ఉంటే చాలు, ఉప్పు లేకపోయినా వస్తుంది. మన దగ్గర బండి తడవడం కంటే తడిసినది ఆరకపోవడమే ఎక్కువ చేటు చేస్తుంది. నల్లరేగడి చేలగట్ల మీద తిరిగిన బండి మడ్‌గార్డ్ లోపల మట్టి పట్టుకుని ఉంటుంది. పైకి ఎండినట్టే ఉన్నా లోపల వారాల తరబడి చెమ్మ వదలదు. భూపాలపల్లి, రామగుండం వైపు తిరిగే బండ్లలో బొగ్గు ధూళి మడతల్లో గడ్డకట్టి అదే పని చేస్తుంది. ఊళ్లో పశువుల కొట్టం పక్కన, గడ్డివాము పక్కన ఏళ్ల తరబడి నిలబెట్టిన కార్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎలుకలు సిల్‌లోకి గడ్డి మోసుకెళ్లి గూళ్లు కడతాయి. వాటి మూత్రం రేకును ఉప్పులాగే తింటుంది.

ఇంకొకటి, నీలిరంగు ప్లాస్టిక్ పరదా. కారును ప్రేమగా దాంతో కప్పి తాళ్లు బిగిస్తారు. కింద నేలలోంచి లేచిన ఆవిరి రాత్రి దాని లోపలి వైపు నీటిబొట్లుగా మారి కారు మీదే రాలుతుంది. పరదా కంటే రేకుల షెడ్డు నీడ వందరెట్లు మేలు.

వరదలో మునిగిన కారు తీసుకోవచ్చా?

2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ వారం మన జిల్లాల్లో ఎన్ని బండ్లు నీళ్లలో నిలబడ్డాయో మనమందరం చూశాం. అలా నిలబడిన పాత కారు తక్కువకు వస్తుందంటే ఫ్లోర్, సిల్ రెండువైపులా మార్చాల్సి వస్తుందనుకుని ధర లెక్క వేసుకోండి. సీటు కింది పట్టాలు, సీట్ బెల్ట్ బోల్టు తలలు, డ్యాష్‌బోర్డు వెనక ఉన్న స్క్రూలు చూడండి. బయట ఎంత కడిగినా అక్కడ బురద చార మిగిలే ఉంటుంది.

పాత రంగు మొత్తం తీసేయాలా?

తప్పనిసరి కాదు. రంగు గట్టిగా పట్టి ఉండి, కింద తుప్పు లేకపోతే దాన్ని ఎమరీతో గరుకు చేసి పైన పని చేసుకోవచ్చు. కానీ అది ఏ రంగో ముందు తెలియాలి. కనిపించని మూలలో తెల్లగుడ్డకు తిన్నర్ అద్ది అర నిమిషం రుద్దండి. రంగు కరిగి గుడ్డకు అంటితే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్), అంటే మనవాళ్లు డ్యూకో అనేది. ముడతలు పడి ఉబ్బితే మామూలు ఎనామెల్. ఏమీ కాకపోతే హార్డెనర్, అంటే గట్టిపరిచే ద్రవం కలిపిన టూ-కే రంగు. మొదటి రెండింటి మీద నేరుగా టూ-కే కొడితే దాని తిన్నర్ కింది పొరను లేపుతుంది. కారు నిండా మొసలి చర్మంలా ముడతలు వస్తాయి.

మా కారు మీద ఐదు పొరల రంగులు బయటపడ్డాయి. తెలుపు కింద బిస్కెట్ రంగు, దాని కింద మళ్లీ తెలుపు, లేత నీలం, అడుగున కంపెనీ రంగు. అన్ని పొరలుంటే మొత్తం తీసేయడమే నయం. ఎంత మందం పెరిగితే అంత సులువుగా పగులుతుంది. కంపెనీలో వేసిన రంగు మామూలుగా అన్ని పొరలూ కలిపి 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్).

ఒక జాగ్రత్త. ఆ కాలపు రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గ్రైండర్ పెట్టి పిల్లలు తిరిగే వాకిట్లో దుమ్ము లేపొద్దు.

సాండ్ బ్లాస్టింగ్ (గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి రంగు, తుప్పు తీయడం) చేయిస్తే ఒక్క రోజులో పని అయిపోతుంది కదా?

చాసిస్ ముక్కలకు, సస్పెన్షన్ చేతులకు, వీల్ డిస్కులకు చేయించుకోండి. బానెట్, రూఫ్, డోర్ల వెడల్పాటి రేకులకు వద్దు. ఆ ఒత్తిడికి రేకు సాగి అలలు తేలుతుంది, తర్వాత ఏ మేస్త్రీ కూడా పూర్తిగా చదును చేయలేడు. వాటికి పెయింట్ రిమూవర్, ప్లాస్టిక్ పీచు చక్రం, ఎమరీ కాగితం, ఓపిక. బ్లాస్టింగ్ చేసిన రేకును ఆ రోజే ప్రైమర్ కింద పెట్టాలి. వానాకాలంలో రాత్రి గడిస్తే తెల్లారేసరికి పసుపు నీళ్లు చల్లినట్టు ఉంటుంది.

బాత్రూమ్ యాసిడ్ పోస్తే తుప్పు పోతుందంటారు. నిజమా?

పోతుంది. దాని ఆవిరికి పక్కనున్న మంచి ఇనుము కూడా తుప్పు పడుతుంది. రేకుల మడతల్లోకి దిగిన ఆమ్లం మళ్లీ బయటికి రాదు, రంగు కింద కూర్చుని పని చేస్తూనే ఉంటుంది. కారు దగ్గరికి ఆ సీసా తేవొద్దు. చిన్న చిన్న బోల్టులు, బ్రాకెట్లు అయితే నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, కడిగి వెంటనే ఆరబెట్టండి.

రస్ట్ కన్వర్టర్ (తుప్పు మీద పూసే మందు) పని చేస్తుందా?

పలచగా, గట్టిగా అంటుకుని ఉన్న తుప్పు మీద చేస్తుంది. పొరలు లేచే తుప్పు మీద చేయదు. పై పొరను మాత్రం నల్లగా మార్చి కింద ఉన్నదాన్ని అలాగే వదిలేస్తుంది.

ఇందులో రెండు రకాలు. ఒకటి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్నది, రెండోది టానిన్ ఉన్నది. ఈ రెండోది మనకు కొత్తేమీ కాదు. కలంకారీవాళ్లు బట్టను కరక్కాయ నీళ్లలో ముంచి, తుప్పు ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీళ్లతో గీత గీస్తే నల్లగా తేలుతుంది చూడండి, అదే ఇది. కరక్కాయలోని టానిన్ ఇనుముతో కలిసి కరగని నల్లటి పదార్థం అవుతుంది. డబ్బాలో అమ్మేవాళ్లు కూడా ఆ పనే చేయిస్తున్నారు.

ఆమ్లం ఉన్న కన్వర్టర్ వాడితే డబ్బా మీద రాసినట్టు కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఆమ్లం మిగిలిన రేకు మీద ఎపాక్సీ ప్రైమర్ పట్టు తప్పుతుంది. నా అభిప్రాయం అడిగితే, కన్వర్టర్ చేయి దూరని సందుల కోసం. చేయి దూరేచోట తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకడమే.

చిల్లు పడిన చోట ఫైబర్ గుడ్డ, ఎంసీల్ పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కారు అమ్మేయడానికైతే. (అలా అమ్మినవాళ్ల కార్లే మనం కొంటున్నాం.)

ఉంచుకునే కారైతే కోయాలి. తుప్పు అంచుతో ఆగకుండా, చుట్టూ రేకు అసలు మందంతో మెరిసేదాకా కోయాలి. అదే మందం రేకు ముక్క పెట్టాలి. 20 గేజ్ అంటే దాదాపు 0.9 మి.మీ., 18 గేజ్ అంటే దాదాపు 1.2 మి.మీ. షెడ్డులో మూలన పడి ఉన్న రేకు ముక్క ఏదో పెట్టేస్తానంటే ఒప్పుకోవద్దు. జీఐ రేకు అసలే వద్దు. దాని జింక్ పూత వెల్డింగ్ వేడికి పొగై మేస్త్రీకి జ్వరం తెప్పిస్తుంది, అతుకు కూడా బాగా రాదు.

గ్యాస్ వెల్డింగ్ వేడికి పలచటి రేకు మెలికలు తిరుగుతుంది. సీఓటూ వెల్డింగ్, అంటే మిగ్ ఉన్న షెడ్డు చూసుకోండి. ఒకచోట చుక్క పెట్టి, దూరంగా ఇంకోచోట చుక్క పెట్టి, చల్లారనిచ్చి మధ్యలో కలుపుకుంటూ రావాలి. ఇత్తడి అతుకు వేస్తే దాని ఫ్లక్స్ (అతుకు పట్టడానికి వాడే పొడి) మిగిలిపోయి రంగు కిందనే మళ్లీ తుప్పు మొదలెడుతుంది. వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ వైర్లు తీయించండి. పెట్రోల్ ట్యాంక్ దగ్గర పని అయితే ట్యాంకే దింపించండి.

సిల్ కోస్తే కారు వంగిపోతుందంటున్నారు. భయంగా ఉంది.

భయపడాల్సిందే. అంబాసిడర్‌కు, ప్రీమియర్ పద్మినికి కింద విడిగా చాసిస్ ఉండదు, బాడీయే ఎముక. బరువు మోయడంలో సిల్‌కు పెద్ద వాటా ఉంది. స్టాండర్డ్ హెరాల్డ్‌కు, జీపులకు కింద వేరే చాసిస్ ఉంటుంది కాబట్టి వాటి లెక్క వేరు.

ఒక్కొక్క వైపు మాత్రమే కోయాలి. డోర్ సందులో అడ్డంగా ఇనుప పైపు తాత్కాలికంగా అతికించాలి. కారు నేలమీద సమంగా నిలబడి ఉండాలి, ఒక మూల జాకీ మీద వేలాడకూడదు. కోసే ముందు డోర్ చుట్టూ సందు ఎంత ఉందో కొలిచి మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే అంటించండి. మా మేస్త్రీ అగ్గిపుల్లను కొలతగా వాడాడు. వెల్డింగ్ ముందు అగ్గిపుల్ల ఎంత బిగువుగా దూరిందో తర్వాత కూడా అంతే దూరాలి. పని మధ్యలో మూడుసార్లు డోర్ వేసి చూశాడు. ఆ అగ్గిపుల్లే మా కారును నిలబెట్టింది.

ఇంతకీ ఏ ప్రైమర్ కొట్టించాలి?

అందరూ మొదట అడిగేది ఇదే. నేను కావాలనే ఇక్కడిదాకా తెచ్చాను. కింద రేకు బాగా లేకపోతే ఏ ప్రైమర్ అయినా ఒకటే.

రెడాక్సైడ్ గురించి ముందు చెబుతాను, ఎందుకంటే ఏ షెడ్డుకెళ్లినా మొదట తీసేది ఆ డబ్బానే. కిటికీ ఊచలకు, గేట్లకు అది మంచిదే. కానీ దాని పొరలోంచి తేమ దిగుతుంది. మీద టూ-కే సర్ఫేసర్ (రంగుకు ముందు నునుపు కోసం కొట్టే పొర) కొడితే ముడత పడే ప్రమాదం ఉంది. మా తాతల కాలంలో ఇనుముకు కొట్టిన సీసపు సిందూరం దీనిలాగే ఎర్రగా ఉండేది. అది తుప్పును బాగా ఆపేది, కానీ విషం. రంగు ఒకటే అయినా ఈ రెడాక్సైడ్‌లో ఆ శక్తి లేదు.

ఎపాక్సీ ప్రైమర్. నా ఓటు దీనికే. రెండు డబ్బాలు కలిపి వాడాలి. ఉత్త ఇనుముకు గట్టిగా పట్టుకుంటుంది, తేమను బాగా అడ్డుకుంటుంది, పుట్టీ దీని మీద నిలుస్తుంది. లోపాలూ ఉన్నాయి. ఎమరీకి సులువుగా లొంగదు, కాగితానికి జిగురులా అంటుకుంటుంది. నిదానంగా గట్టిపడుతుంది. కలిపాక కొన్ని రకాలను 15 నుంచి 30 నిమిషాలు అలా వదిలేసి ఆ తర్వాతే స్ప్రే గన్‌లో పోయాలి. డబ్బా మీద అంత చిన్న అక్షరాలతో రాసింది షెడ్డులో ఎవరూ చదవరు, మీరు చదవండి. పైన తర్వాతి పొర ఎన్ని గంటల్లో, ఎన్ని రోజుల్లో వేయాలో కూడా దాని మీదే ఉంటుంది. ఆ గడువు దాటితే మళ్లీ గరుకు చేయకుండా వేయకూడదు.

ఎచ్ ప్రైమర్, దీన్నే వాష్ ప్రైమర్ అంటారు. ఇందులో ఫాస్ఫారిక్ ఆమ్లం ఉంటుంది, అది ఇనుమును కొద్దిగా కొరికి పట్టుకుంటుంది. పొర చాలా పలచన, 10 మైక్రాన్ల చుట్టుపక్కల. శుభ్రమైన రేకు మీద, అల్యూమినియం మీద బాగుంటుంది. కానీ దాని మీద నేరుగా పుట్టీ పెట్టకూడదు, ఆ ఆమ్లం పుట్టీని సరిగా గట్టిపడనివ్వదు. దాని మీద ఎపాక్సీ కూడా చాలా కంపెనీలు వద్దంటాయి. కన్వర్టర్ పూసినచోట ఇది అసలే వద్దు. ఎచ్ కొట్టి, దానిపైన ఎపాక్సీ కొట్టి, "రెండు రక్షణలు సార్" అని చెప్పే షెడ్డుకు దండం పెట్టి రండి.

పీయూ (పాలీయురేథేన్) సర్ఫేసర్ చేసే పని వేరు. గీతలు, చిన్న గుంటలు నింపి పైన రంగుకు నునుపు ఇస్తుంది. దాన్ని ఉత్త ఇనుము మీద కొట్టి కారును నెల రోజులు బయట వదిలితే అది స్పాంజిలా తేమ పీలుస్తుంది. ఎపాక్సీ కింద, సర్ఫేసర్ పైన, ఆ పైన రంగు. ఇంతే వరస.

జింక్ ప్రైమర్ ఒక్కచోట మాత్రం కావాలి. రెండు రేకులు ఒకదానిమీద ఒకటి పడి వెల్డ్ అయ్యే అంచుల లోపలి వైపు. తర్వాత అక్కడికి ఏ గన్నూ చేరదు కాబట్టి వెల్డింగ్‌కు ముందే పూయాలి. జింక్ తాను తుప్పుపట్టి పక్కనున్న ఇనుమును కాపాడుతుంది.

ఇప్పటికే రెడాక్సైడ్ కొట్టేశారు. ఇప్పుడేం చేయాలి?

తీయించండి. తిన్నర్ గుడ్డతో తుడిస్తే చాలావరకు వస్తుంది. ఒక రోజు పోతుంది, ఐదేళ్లు మిగులుతాయి.

పుట్టీ ప్రైమర్ కింద పెట్టాలా, పైన పెట్టాలా?

పుట్టీ డబ్బా మీద చాలాసార్లు శుభ్రమైన ఇనుము మీద పెట్టమనే ఉంటుంది. రెండు పద్ధతులూ నడుస్తాయి. నేను ఎపాక్సీ కొట్టించి, దాన్ని 80 నంబర్ కాగితంతో గరుకు చేయించి, దానిపైన పుట్టీ పెట్టించాను. పుట్టీలో ఉండే టాల్క్ పొడి తడి పీలుస్తుంది. దాని కింద ఎపాక్సీ ఉంటే ఆ తడి ఇనుము దాకా పోదు. మందం 3 మి.మీ. దాటితే అది పుట్టీ పని కాదు, రేకు కొట్టే పని.

వాటర్ పేపర్‌తో రుద్దొచ్చా? మా దగ్గర అందరూ నీళ్లు పోసే రుద్దుతారు.

మొదటిసారి నా కారుకూ అలాగే చేశారు. ఒక బకెట్, ఒక కుర్రాడు, పొద్దున్నుంచి సాయంత్రం దాకా పుట్టీ మీద నీళ్లు. సాయంత్రం ఎండలో అరగంట, తెల్లారి ప్రైమర్. పుట్టీ లోపల పట్టిన నీళ్లు అరగంటలో ఎక్కడికీ పోవు. పైన రంగు మీద చివర్లో నీళ్లతో రుద్దుకోవచ్చు. ఉత్త ఇనుము, పుట్టీ, సర్ఫేసర్ పొడిగానే. దుమ్ము లేస్తుంది కాబట్టి మాస్క్ తప్పదు.

ప్రైమర్‌కు ముందు తుడవడానికి కిరోసిన్ వద్దు, పెట్రోల్ వద్దు. రెండూ నూనె పొర వదులుతాయి. డీగ్రీసర్ (జిడ్డు తీసే ద్రవం) అని అడిగి కొనండి. ఒక గుడ్డతో పూసి, అది ఆరకముందే పొడి గుడ్డతో తుడవాలి. ఆ తర్వాత చేత్తో తాకొద్దు, "ఎట్లుంది" అని నిమిరి చూసే చుట్టాలను దూరంగా పెట్టండి. టైర్ పాలిష్, డ్యాష్‌బోర్డ్ పాలిష్‌లలో సిలికాన్ ఉంటుంది. అది ఉన్న షెడ్డులో రంగు కొడితే చేపకళ్లలాంటి గుంటలు పడతాయి.

ఏ నెలలో చేయించాలి?

దీపావళి తర్వాత మొదలుపెట్టి మార్చిలోపు ముగించండి. డిసెంబర్, జనవరి పొద్దుటి పూట చలికి ఎపాక్సీ గట్టిపడదు. చాలా రకాలకు 10 నుంచి 15 డిగ్రీల కంటే తక్కువ పనికిరాదు. అందుకని మధ్యాహ్నం కొట్టించండి. మే నెలలో 44 డిగ్రీల్లో గన్ నుంచి రేకును చేరేలోపే తిన్నర్ ఎగిరిపోయి రంగు ఇసుకలా పడుతుంది. తప్పకపోతే నిదానంగా ఆరే తిన్నర్ అడగండి. వానాకాలంలో కంప్రెసర్ గొట్టంలో నీళ్లు చేరతాయి. రేకు వేడి మంచు బిందువు (గాలిలోని తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలని నియమం. ఉదయం కారు మీద చేయి పెడితే తడి తగిలితే ఆ పూట పని లేదని అర్థం.

ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

గీకడం, శుభ్రం చేయడం, బ్రష్‌తో ఎపాక్సీ పూయడం చేసుకోవచ్చు. నేను ఫ్లోర్ కింద భాగం మొత్తం బ్రష్‌తోనే పూశాను. పీయూ, టూ-కే రంగులు గన్‌తో కొట్టే పని మాత్రం షెడ్డుకు వదిలేయండి. వాటి హార్డెనర్‌లో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. ఒకసారి ఒంటికి పడకపోతే జీవితాంతం ఆస్తమా మిగులుతుంది. ముక్కుకు కట్టుకునే దస్తీ, సర్జికల్ మాస్క్ దానికి లెక్కలోవి కావు. షెడ్డులో దస్తీ కట్టుకుని కొట్టే కుర్రాణ్ని చూస్తే నాకు కడుపులో దేవినట్టవుతుంది. రెండోసారి పని ఇచ్చినప్పుడు కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ నేనే కొని ఇచ్చాను.

లోపలి భాగాల్లో కాలిన ఇంజన్ ఆయిల్ కొట్టించమంటున్నారు?

పాత డ్రైవర్ల మందు అది. కొంత పని చేస్తుంది కూడా. కానీ రబ్బరును ఉబ్బిస్తుంది, నేలంతా కారుతుంది, తర్వాత ఎప్పుడైనా వెల్డింగ్ చేస్తే మంట లేస్తుంది. రంగు వేయకముందు కొట్టిస్తే ఆ కారుకు ఇక రంగు పట్టదు. రంగు పూర్తిగా ఆరాక క్యావిటీ వ్యాక్స్ (బోలు భాగాల లోపల కొట్టే మైనం) కొట్టించండి. పొడవాటి గొట్టం తగిలించి సిల్ చివరినుంచి మెల్లగా వెనక్కి లాగుతూ కొట్టాలి. వెల్డింగ్ చేసినచోట వెనక వైపు రంగు కాలిపోయి ఉంటుంది. వ్యాక్స్ అసలు కావలసింది అక్కడే.

మేస్త్రీతో ఎలా మాట్లాడుకోవాలి?

మొత్తానికి ఇంత అని ముందే గుత్తకు ఇవ్వొద్దు. రంగు తీశాకే తుప్పు ఎంతో తెలుస్తుంది. గుత్త మాట్లాడుకుంటే బయటపడిన తుప్పు అతని నష్టం అవుతుంది, ఆ నష్టాన్ని అతను పుట్టీతో పూడ్చుకుంటాడు. తప్పు అతనిదొక్కడిదే కాదు. విప్పడం, రంగు తీయడం ఒక లెక్క. రేకు పని రోజు కూలీ, సామాను విడిగా. రంగు మళ్లీ వేరే లెక్క. డబ్బు కూడా అలాగే విడతలుగా ఇవ్వండి.

ఒక్క షరతు పెట్టండి. "ఉస్తాద్, ప్రైమర్ కొట్టే ముందు నాకు ఫోన్ చెయ్యి, ఉత్త రేకు నేను చూడాలె." వెళ్లి చూడండి, ఫొటోలు తీసుకోండి. మొదటిసారి నేను చేయని పని ఇదొక్కటే. అప్పుడు రోజూ ఫోన్‌లో "ఎంతవరకొచ్చింది" అని అడిగి ఊరుకున్నాను.

రంగు మారిస్తే కాగితాల్లో ఇబ్బంది ఉంటుందా?

ఆర్సీలో రంగు రాసి ఉంటుంది. మారిస్తే ఆర్టీఏ ఆఫీసులో దరఖాస్తు చేసి మార్పించుకోవాలి. 50 ఏళ్లు దాటిన బండ్లకు 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది, నంబర్‌లో 'వీఏ' అక్షరాలు వస్తాయి. దానికి చాసిస్, బాడీ షెల్, ఇంజన్ పెద్ద మార్పుల్లేకుండా ఉండాలి. అలా రిజిస్టర్ అయిన బండిని రోజువారీ తిరగడానికి వాడకూడదని కూడా గుర్తుంచుకోండి. రేకు పని ఫొటోలు దాచుకుంటే, చేసింది మరమ్మతే కానీ మార్పు కాదని చూపించుకోవచ్చు.

రంగు వేశాక ఏం చూసుకోవాలి?

ఏటా మృగశిర కార్తెకు ముందు ఒక ఆదివారం. డోర్ల కింద నీళ్లు పోయే రంధ్రాల్లో చీపురు పుల్ల పెట్టి తిప్పుతాను. రంగు కొట్టేటప్పుడు అవి సగం మూసుకుపోతాయి, షెడ్డు నుంచి తెచ్చుకున్న రోజే చూడండి. తర్వాత డోర్ అద్దం మీద ఒక చెంబు నీళ్లు పోసి కింద చూస్తాను. నీళ్లు రెండు రంధ్రాల్లోంచీ ధారగా రావాలి. పోయిన జూన్‌లో వెనక ఎడమ డోర్‌లో ఒకవైపు రాలేదు. పుల్ల పెడితే కందిరీగ కట్టిన మట్టిగూడు ఊడి వచ్చింది.